గేర్‌బాక్స్ ఆయిల్ తాగదు

పోయిన ఏప్రిల్‌లో బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మా బాబాయ్ కారు మొండికేసింది. ఆగిపోలేదు. ఆగిపోయినా బాగుండేది, ఏదో చెడిపోయిందని అర్థమయ్యేది. ఇంజిన్ హోరుమంటోంది, ఆర్‌పీఎం ముల్లు మూడు వేలు దాటింది, కారు మాత్రం ఎడ్లబండిలా పాకుతోంది. వెనక హారన్ల మోత. తీరా పైకి చేరి చదును రాగానే, ఏమీ జరగనట్టు మామూలుగా నడిచింది. ఏపీ 10 నంబరు బండి అది. పదిహేనేళ్లు నిండి, ఫిట్‌నెస్ చేయించుకుని, ఇంకో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్న పాతకాలపు ఆటోమేటిక్.

ఇంటి దగ్గరి మెకానిక్ బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ గేజు (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూపించాడు. "ఆయిల్ ఫుల్లున్నది సార్. లోపల ప్లేట్లు పొయ్యుంటయ్. గేర్‌బాక్స్ దించాలె" అన్నాడు. ఖర్చు ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ డబ్బుకు అలాంటిదే ఇంకో పాత కారు వస్తుందని బాబాయ్ లెక్క తేల్చాడు.

మర్నాడు రాంనగర్‌లో ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. పెద్దాయన. జరిగిందంతా విని ఒకటే అడిగాడు: "ఇంజిన్ బంద్ జేసి సూసిన్రా, నడుస్తుంటే సూసిన్రా?" ఆయన తన పద్ధతిలో గేజు తీస్తే ఆయిల్ కొసన మాత్రమే అంటుకుని ఉంది. కింది గీతకు కూడా అందలేదు.

ఒకే కారు, ఒకే గేజు. ఒకరికి నిండుగా కనిపించింది, ఇంకొకరికి దాదాపు ఖాళీగా. ఇద్దరి చూపులోనూ లోపం లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎంత ఉందన్నది, ఆ క్షణంలో అది ఎక్కడెక్కడ ఉందన్నదాన్ని బట్టి కనబడుతుంది. పెద్దాయన దీన్ని మనందరికీ తెలిసిన వస్తువుతో చెప్పాడు. "మీ ఇంట్ల సంపు ఉన్నదిగద సార్. మోటరు నడుస్తున్నప్పుడు సంపుల నీళ్లు సూడుండ్రి. బంద్ జేసినంక పైపుల నీళ్లన్నీ కిందికొచ్చినంక సూడుండ్రి. రెండూ ఒకటేనా?"

గేర్‌బాక్స్ అడుగున లోతు తక్కువ పళ్లెంలాంటి చాంబర్ ఉంటుంది. అదే సంపు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఒక పంపు అందులోని ఆయిల్‌ను లాగి టార్క్ కన్వర్టర్‌లోకి, సన్నటి దారుల్లోకి, రేడియేటర్ దగ్గరి కూలర్ పైపుల్లోకి తోస్తూ ఉంటుంది. ఇంజిన్ ఆపితే అందులో కొంత మెల్లగా చాంబర్‌లోకి జారి వస్తుంది, మట్టం లేస్తుంది. ఆపిన బండిలో గేజు తీస్తే ఒక లీటరు తక్కువున్న గేర్‌బాక్స్ కూడా నిండుగా ఉన్నట్టు అబద్ధం చెప్పగలదు. మొదటి మెకానిక్ చూసింది ఆ అబద్ధాన్నే. ఇంజిన్ ఆయిల్ చూసే పద్ధతి అదే కదా, బండి ఆపి, కాసేపాగి చూస్తాం. అలవాటు కొద్దీ దీన్నీ అలాగే చూశాడు.

అయితే ఫ్లైఓవర్ మీదే గేర్‌బాక్స్ పట్టు ఎందుకు జారింది (మెకానిక్‌లు స్లిప్ అనేది దీన్నే), చదును మీద ఎందుకు జారలేదు? టార్క్ కన్వర్టర్ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు టేబుల్ ఫ్యాన్లు అనుకోండి. ఒకటి స్విచ్ వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఇక్కడ గాలి బదులు ఆయిల్. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ను విసిరితే, ఆ విసురుకు గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఓడల కోసం పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. ఇక లోపల గేర్లు మార్చే పనీ ఆయిల్‌దే. అది ప్రెషర్‌తో పిస్టన్లను నెడితే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. కాబట్టి దీన్ని గ్రీజులాగా నున్నగా తిరగడానికి మాత్రమే పోసే నూనె అనుకోకూడదు. బండిని కదిలించేదే అది.

ఎత్తు ఎక్కేటప్పుడు చాంబర్‌లోని ఆయిల్ ఒక వైపుకు ఒరుగుతుంది. నిండుగా ఉంటే ఒరిగినా పంపు మూతి మునిగే ఉంటుంది. తక్కువుంటే మూతి బయటపడి గాలి పీలుస్తుంది. గాలి నొక్కితే నలుగుతుంది, ఆయిల్ నలగదు. ప్రెషర్ పడిపోతుంది, ప్లేట్లు పట్టు వదులుతాయి, ఇంజిన్ హోరుమంటుంది, బండి కదలదు. మలుపుల్లోనూ ఇంతే. అందుకే ఎత్తుల మీద, మలుపుల్లో మాత్రమే స్లిప్ అయ్యే ఆటోమేటిక్‌ను ఎవరైనా వెంటనే దించేద్దామంటే, ముందు ఆయిల్ సరిగ్గా చూశారా అని అడగడం మీ హక్కు.

సరిగ్గా చూడటం అంటే ఏమిటో పెద్దాయన పక్కన నిలబడి చూశాను. షెడ్డు గచ్చు మీద గ్లాసుడు నీళ్లు పోశాడు. ఎటూ పారకుండా అక్కడే పరుచుకున్నాయి. సమతలం అని రుజువు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గల్లీల్లో ఇంటి ముందు బండి పెట్టి చూస్తే ఈ పరీక్ష ఫెయిల్. అపార్ట్‌మెంట్ ర్యాంపు మీదైతే మరీను. సెల్లార్‌లో నేల చదునుగానే ఉంటుంది గానీ మూసి ఉన్న సెల్లార్‌లో ఇంజిన్ నడుపుతూ పది నిమిషాలు ఉండొద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తర్వాత వేడి. చల్లటి ఆయిల్ కుంచించుకుని ఉంటుంది, వేడెక్కితే ఉబ్బుతుంది. లెక్క చిన్నదే: ఇలాంటి నూనెలు ఒక్కో డిగ్రీకి వెయ్యిలో 0.7 వంతు పెరుగుతాయి. మొత్తం ఏడు లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరితే దాదాపు పావు లీటరు పెరుగుదల. గేజు మీద పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా చాలా కార్లలో సుమారు 300 నుంచి 500 మిల్లీలీటర్లే. అంటే వేడి ఒక్కటే మట్టాన్ని ఆ రెండు గీతల మధ్య దూరంలో సగమో, అంతకంటే ఎక్కువో లేపగలదు. గేజు మీద 'హాట్', 'కోల్డ్' అని రెండు జతల గీతలు అందుకే. కోల్డ్ గీతలు ఒక అంచనాకు మాత్రమే పనికొస్తాయి. పదిహేను ఇరవై నిమిషాలు నడిపి వచ్చాక చూసిందే లెక్క. మరీ మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటసేపు పాకి వచ్చిన బండిని వెంటనే చూడటమూ తప్పే. అప్పుడు ఆయిల్ మామూలు కన్నా వేడిగా ఉంటుంది. అరగంట ఆగాలి.

ఇక బండి చదును మీద, వేడిగా, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాయి అడ్డం పెట్టి, ఇంజిన్ నడుస్తూ ఉంది. బ్రేకు గట్టిగా తొక్కి లివర్‌ను పి (పార్క్) నుంచి కింది దాకా ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆపుతూ తీసుకెళ్లి, మళ్లీ పి లోకి తెచ్చాడు. ప్రతి క్లచ్‌లోనూ, ప్రతి దారిలోనూ ఆయిల్ నిండాలి కదా. అప్పుడు గేజు తీసి తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, బయటికి తీశాడు. గేజుకు ఒక వైపు పైకి తడి, రెండో వైపు కిందికి తడి. "కిందున్నదే నమ్మాలె" అన్నాడు. పైది ట్యూబు గోడకు అంటుకున్న ఆయిల్ రాసుకున్న తడి.

తుడవడానికి షెడ్డులో అందరూ వాడే బనియన్ వేస్టు వాడలేదు. టిష్యూ పేపరు తీశాడు. వేస్టు నుంచి రాలిన దారప్పోగు లోపలికి పోతే వాల్వ్ బాడీలోని (ఆయిల్‌ను ఎప్పుడు ఏ క్లచ్‌కు పంపాలో చూసుకునే భాగం) వెంట్రుకంత సందుల్లో ఇరుక్కుంటుంది. ఇది నాకు కొత్త విషయం. టిష్యూ వల్ల ఇంకో లాభం కూడా ఉంది: చుక్క దాని మీద ఎలా పరుచుకుంటుందో చూడొచ్చు. బాగున్న ఆయిల్ గులాబీ రంగులో వెడల్పుగా వ్యాపిస్తుంది. కాలిపోయినది మధ్యలో నల్లటి మచ్చలా కూర్చుని కదలదు. మాది గోధుమ రంగులో ఉంది. పాతది, కానీ మాడలేదు. ముక్కు దగ్గర పెట్టి చూస్తే మాడిన వాసన లేదు. నల్లబడి, మాడు కంపు కొడితే ప్లేట్లు అరిగి ఆయిల్‌లో కలిశాయన్నమాట. అప్పుడు ఎంత పోసినా లాభం తక్కువ. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా చిక్కగా గులాబీ నురగ కనబడితే మాత్రం బండి స్టార్ట్ కూడా చేయకండి. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ గేర్‌బాక్స్‌లో కలిసింది.

ఇప్పుడు చెప్పినదానికి పెద్ద మినహాయింపు ఒకటుంది. పాత హోండా ఆటోమేటిక్‌లలో చాలావాటికి పద్ధతి తిరగబడుతుంది: వేడెక్కాక ఇంజిన్ ఆపి, నిమిషం నుంచి నిమిషంన్నర లోపు చూడాలి. కొన్ని కంపెనీలు పి లో కాకుండా ఎన్ (న్యూట్రల్) లో పెట్టి చూడమంటాయి. గేజు మీద గీతలు ఎక్కడ గీయాలో కంపెనీ ఏ స్థితిలో కొలిచి తేల్చిందో, మనమూ ఆ స్థితిలోనే చూడాలి. ఆ సంగతి బండితో వచ్చిన ఓనర్స్ బుక్‌లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఆ పుస్తకం దొరికితే అదృష్టమే. చాలాసార్లు గేజు మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని చదవాలి.

ఇంతకీ అసలు ప్రశ్న ఇది: ఆయిల్ తగ్గింది సరే, ఎక్కడికి పోయింది?

'ఇంజిన్ ఆయిల్ తాగుతోంది' అని మనం అంటుంటాం. అది నిజమే, పాత ఇంజిన్‌లో రింగులు అరిగితే ఆయిల్ పెట్రోలుతో పాటు కాలి పొగ గొట్టంలోంచి పోతుంది. గేర్‌బాక్స్‌లో మంట లేదు, కాలడం లేదు. పోసిన ఆయిల్ పోసినట్టే ఉండాలి. తగ్గిందంటే కారింది. (పాత అమెరికన్ బండ్లు కొన్నిటిలో వాక్యూమ్ మాడ్యులేటర్ అనే చిన్న భాగంలోని పొర చిరిగితే ఇంజిన్ నిజంగానే ఈ ఆయిల్‌ను పీల్చుకుని తెల్లపొగ వదిలేది. అలాంటి బండి మన గల్లీలో ఉంటే అది షోకు బండే అయ్యుంటుంది.) కాబట్టి ప్రతి సర్వీసుకూ 'కొంచెం తక్కువుంది, పోసేశాం' అని బిల్లులో రాసి, ఎందుకు తగ్గిందో చెప్పని షెడ్డు మీకు పని సగమే చేసినట్టు. ఆయిల్ పోయడం తేలిక. కారేచోటు పట్టుకోవడమే పని.

చూడాల్సిన చోట్లు ఎక్కువ లేవు. ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గర తడి ఉంటే లోపలి పంపు సీలు. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించక తప్పదు. చాంబర్ చుట్టూ అంచు వెంబడి తడి ఉంటే ప్యాకింగ్. రేడియేటర్ వైపు పైపుల మూతుల దగ్గరైతే రబ్బరు ఎండిపోయి బీటలు వారి ఉంటుంది. హైదరాబాద్ ఎండల్లో పదేళ్లు దాటిన రబ్బరుకు ఇది మామూలే, చవకలో పోతుంది. ముందు చక్రానికి లోపలి వైపు, యాక్సిల్ గేర్‌బాక్స్‌లోకి దూరేచోట తడి ఉంటే యాక్సిల్ సీలు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పెడితే పొద్దుటికి చుక్క ఎక్కడ పడిందో అది చెబుతుంది. చుక్క ఎర్రగా ఉంటేనే గేర్‌బాక్స్ అని మాత్రం తేల్చేయొద్దు. చాలా పాత కార్లలో పవర్ స్టీరింగ్‌లోనూ అదే ఎర్ర ఆయిల్ పోస్తారు.

ఆ ఎర్ర రంగు గురించి ఒక మాట. అది కేవలం రంగు. ఇంజిన్ ఆయిల్ లీకుకూ దీనికీ తేడా తెలియడానికి కలుపుతారు. బాగా ఎర్రగా ఉన్నంత మాత్రాన మంచి ఆయిల్ కాదు, మీ బండికి సరిపోయేదీ కాదు. పాత బండ్లు పాడవడంలో ఈ అపోహది పెద్ద చెయ్యి. రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల షాపుకెళ్లి 'ఎర్ర ఆయిల్ ఇవ్వన్నా' అంటే, ఏ బండి అని అడిగే షాపులూ ఉన్నాయి, అడక్కుండా డబ్బా చేతిలో పెట్టేవీ ఉన్నాయి. బండి పేరు, సంవత్సరం, ఆటోమేటిక్ ఏ రకం అన్నది మనమే చెప్పాలి.

ఇన్ని రకాలు ఎందుకంటే, క్లచ్ ప్లేట్లు ఎంత పట్టుగా, ఎంత మెత్తగా కలవాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా నిర్ణయించుకుంది. ఆ పట్టును శాసించేది ఆయిల్‌లో కలిపే రసాయనాలే. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ పేరుతో ఆటోమేటిక్ తెచ్చింది. 1960ల చివర డెక్స్‌రాన్ అనే ప్రమాణం పెట్టింది. ఆ రోజుల్లో మెత్తదనం కోసం అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవాళ్లు. 1970ల మొదట్లో అమెరికా తిమింగలం నూనెను నిషేధించాక ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది, అలా డెక్స్‌రాన్ 2, 3, 6 ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఫోర్డ్ దారి వేరు, హోండా దారి వేరు, మిత్సుబిషీ, హ్యుందాయ్‌ల ఎస్‌పీ-3 వేరు. డెక్స్‌రాన్ 3కి జనరల్ మోటార్స్ లైసెన్సులు ఇవ్వడం 2006 చివరతో ఆగిపోయింది. ఇప్పుడు డబ్బా మీద ఆ పేరు కనబడితే, తయారీదారు తన మాట మీద చెబుతున్నదే తప్ప ఆ కంపెనీ పరీక్షించి వేసిన ముద్ర కాదు. మంచి కంపెనీ డబ్బాకు ఆ మాట చాలు. పేరు తెలియని డబ్బానైతే నేను నమ్మను.

ఇంకో చిక్కు, మన ఊళ్లో 'ఆటోమేటిక్' అనే ఒక్క మాటకు నాలుగు యంత్రాలున్నాయి. ఒకప్పటి జెన్, శాంట్రో ఆటోమేటిక్‌లలో, ఐ10లో ఉన్నది టార్క్ కన్వర్టర్ రకం. ఇప్పటిదాకా చెప్పిందంతా దాని గురించే. 2000ల మధ్యలో వచ్చిన హోండా సిటీలోది సీవీటీ. ఉక్కు బెల్టు రెండు పుల్లీలను పట్టుకుని తిరుగుతుంది, ఆ పట్టు తప్పకుండా ఉండే ఆయిల్ వేరే. అందులో మామూలు ఎర్ర ఆయిల్ పోస్తే బెల్టు జారుతుంది, పుల్లీ గీసుకుపోతుంది, గేర్‌బాక్స్ కథ ముగుస్తుంది. 2014లో సెలేరియోతో మనకు అలవాటైన ఏఎంటీ అసలు ఆటోమేటిక్ గేర్‌బాక్సే కాదు, మామూలు గేర్‌బాక్స్‌కు క్లచ్ తొక్కి గేరు మార్చే యంత్రం తగిలించారు. దానిలో పోసేది మాన్యువల్ గేర్ ఆయిల్, ఆ యంత్రానికి విడిగా ఇంకో హైడ్రాలిక్ ఆయిల్. ఇక రెండు క్లచ్‌ల డీసీటీ పాత బండ్ల వ్యవహారం కాదు, వదిలేద్దాం.

పెద్దాయన మా బండి గేజు మీద చదివి అదే గ్రేడు తెప్పించాడు. సన్నటి పొడుగు గరాటు గేజు ట్యూబులో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే చాయ్ గ్లాసుతో కొలిచినట్టు కొద్దికొద్దిగా పోశాడు. నూటయాభై మిల్లీలీటర్లు, రెండు నిమిషాలు ఆగడం, లివర్ మళ్లీ అన్ని చోట్లకూ తిప్పడం, గేజు చూడటం. మళ్లీ నూటయాభై. మొత్తం తొమ్మిది వందల మిల్లీలీటర్లు పట్టింది. ముప్పావుగంట పట్టినా ఆయన తొందరపడలేదు. బాబాయ్ మాత్రం "ఒక్కసారే పోసేయొచ్చు కదయ్యా, లీటరు డబ్బానే కదా" అని గొణుగుతూనే ఉన్నాడు.

ఎక్కువైతే ఏమవుతుంది? తక్కువైనప్పుడు జరిగిందే జరుగుతుంది, ఇంకో దారిలో. పై గీత దాటి నింపితే తిరిగే భాగాలు ఆయిల్‌లో మునిగి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. నురగ వస్తుంది. నురగ అంటే గాలి. మళ్లీ ప్రెషర్ పోయింది, మళ్లీ స్లిప్పు, వేడి. పైగా ఉబ్బిన నురగ గాలి గొట్టంలోంచి పొంగి బయటికొస్తే లీకు అనుకుని ఇంకా పోసేవాళ్లున్నారు. పొరపాటున ఎక్కువైతే మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజికి సన్నటి ట్యూబు తగిలించి గేజు ట్యూబులోంచి లాగేయొచ్చు. మన ఓపికే దానికి ఖర్చు.

గేజు లేని ఆటోమేటిక్‌లు కూడా ఉన్నాయి. 2000ల నుంచి చాలా కంపెనీలు గేజు తీసేసి 'లైఫ్‌టైమ్ ఆయిల్' అన్నాయి. ఎవరి లైఫ్ అని మాత్రం చెప్పలేదు. వాటిలో కింద ఒక బోల్టు ఉంటుంది. ఆయిల్ సరిగ్గా ఫలానా ఉష్ణోగ్రతకు చేరినప్పుడు, టొయోటా బండ్లలో సుమారు 35 నుంచి 45 డిగ్రీల మధ్య, ఇంజిన్ నడుస్తుండగా ఆ బోల్టు విప్పితే ఆయిల్ సన్నటి ధారగా, చుక్కలు చుక్కలుగా కారాలి. మన ఎండాకాలంలో బయట నలభై దాటాక ఆ నలభై అయిదు దాటడానికి ఎంతసేపు? స్కానర్ పెట్టి ఉష్ణోగ్రత చూస్తూ, తెల్లవారుజామునో వానాకాలంలోనో చేయాల్సిన పని. ఇది ఇంట్లో ప్రయత్నించొద్దు. ఇంజిన్ నడుస్తున్న బండి కింద పడుకోవడం అసలే వద్దు.

మాన్యువల్ గేర్ బండ్లలో వ్యవహారం సులువు, మర్చిపోవడమూ అంతే సులువు. మారుతీ 800 లాంటి చిన్న బండ్ల గేర్‌బాక్స్‌లో సుమారు రెండు లీటర్ల ఆయిల్ ఉంటుంది. పక్కన ఒక ప్లగ్గు ఉంటుంది, అది విప్పి చిటికెన వేలు లోపల పెట్టి కిందికి వంచితే రంధ్రం అంచు దగ్గరే తగలాలి. అందకపోతే తక్కువున్నట్టు. ఒక వైపే జాకీ ఎత్తి చూస్తే లెక్క తప్పుతుంది. చాలా ఫ్రంట్ వీల్ బండ్లలో ఐదో గేరు ఒక చివర విడిగా ఉంటుంది కాబట్టి ఆయిల్ తగ్గినప్పుడు ముందు ఎండేది అదే. ఓఆర్‌ఆర్ మీద ఐదులో పోతున్నప్పుడు కూనిరాగంలా ఒక మోత వచ్చి, నాలుగులోకి వేయగానే ఆగిపోతే మొదట ఆ ప్లగ్గు విప్పించండి. ఆయిల్ మార్చేటప్పుడు కింది డ్రెయిన్ ప్లగ్గు కంటే ముందు పక్క ప్లగ్గు విప్పాలి. పాత బండిలో అది తుప్పు పట్టి రాకపోతే? ఉన్న ఆయిల్ కిందికి వదిలేసి, కొత్తది పోసే దారి లేక, బండిని లారీ ఎక్కించిన వాళ్లను చూశాను.

ఇక్కడా డబ్బా గొడవ ఉంది. షాపులో 'నైంటీ ఆయిల్' అంటే ఇచ్చేస్తారు, కానీ తొంభై అన్నది చిక్కదనం మాత్రమే. దాని పక్కన జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా చూడాలి. ఐదు పెద్ద అంకె కాబట్టి మంచిదనుకుంటారు. అది జీపు, సుమో లాంటి బండ్ల వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) కోసం, అక్కడి గేర్ల మీద పడే విపరీతమైన ఒత్తిడి కోసం గంధకం, భాస్వరం మోతాదు పెంచిన ఆయిల్. పాత గేర్‌బాక్స్‌లలో గేర్లను సాఫీగా కలిపే సింక్రో రింగులు ఇత్తడివి. ఆ రసాయనాలు ఇత్తడిని తినగలవు. తినకపోయినా మరీ జారుడుగా ఉండి రింగు పట్టు తప్పి, సెకండ్ గేరులో కర్రుమనిపిస్తాయి. ఆ ఆయిల్ చేతికి అంటితే రెండు సబ్బులు అరిగినా వాసన పోదు, అది వేరే సంగతి.

టూవీలర్ల గురించి రెండు ముక్కలు. చాలా మోటార్‌సైకిళ్లలో ఇంజిన్ ఆయిలే గేర్లకూ క్లచ్‌కూ సరిపోతుంది. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో మాత్రం గేర్‌బాక్స్‌ది విడిగా చూసుకోవాలి. పాత టూ స్ట్రోక్ చేతక్‌కు కూడా గేర్ ఆయిల్ విడిగా, పావు లీటరు. గేర్లే లేవనుకునే స్కూటీలకు వెనక చక్రం దగ్గర చిన్న గేర్‌బాక్స్ ఉంటుంది. అందులో పోసే కాస్త ఆయిల్‌ను మార్చమని మనం అడిగితే తప్ప చాలా షెడ్లలో దాని జోలికి పోరు.

ఇక మెకానిక్‌లలో తెగని వాదం: పాత ఆటోమేటిక్‌లో ఆయిల్ మొత్తం మార్చొచ్చా? 'మార్చిన వారానికే గేర్‌బాక్స్ పోయింది' అనే కథ ప్రతి షెడ్డులోనూ వినబడుతుంది. నా ఉద్దేశంలో ఆ కథల్లో ఎక్కువ భాగం, స్లిప్పు మొదలయ్యాక భయపడి మార్పించిన బండ్లవే. అవి అప్పటికే పోయాయి, నింద కొత్త ఆయిల్ మీద పడింది. అయినా మిషన్ పెట్టి ఒక్కసారిగా ఫ్లష్ చేయడం కంటే, కింది నుంచి వదిలి అంతే పోయడం నయం. అలా చేస్తే టార్క్ కన్వర్టర్‌లోది అలాగే ఉండిపోయి నలభై శాతమే మారుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ, ఇంకోసారి మళ్లీ చేస్తే దాదాపు ఎనభై శాతం కొత్తదవుతుంది. మన ట్రాఫిక్‌లో ఈ మార్పిడి పుస్తకంలో చెప్పిన దూరం కంటే ముందే రావాలి. 80 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మోటు లెక్క. మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆగుతూ కదులుతూ వెళ్లిన బండికి కిలోమీటర్లు తక్కువే, వేడి మాత్రం ఎక్కువ. తీసిన పాత ఆయిల్‌ను మోరీలో పోయొద్దు, అది తిరిగి మూసీకే చేరుతుంది. డబ్బాలో పట్టి పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకు ఇవ్వండి.

మా బండి లీకు కుడి యాక్సిల్ సీలు దగ్గర దొరికింది. రెండు నెలల కిందట ఇంకోచోట యాక్సిల్ బూటు (కీలు మీది రబ్బరు తొడుగు) మార్పించారు. యాక్సిల్ లాగి మళ్లీ దూర్చేటప్పుడు దాని పళ్లు తగిలి సీలు పెదవి చిరిగింది, అప్పట్నుంచీ చుక్కచుక్కా. సీలు మార్చి, మట్టం సరిచేసి ఇచ్చేశాడు పెద్దాయన. తర్వాత బాబాయ్ రోజూ రాత్రి కారు కింద అట్టపెట్టె విప్పి పరుస్తున్నాడు. వాచ్‌మన్‌కు ఇది నచ్చలేదు, పొద్దున్నే తీసి పక్కన పడేస్తాడు. మొన్న ఆరింటికే బాబాయ్ ఫోను: "ఏరా, అట్ట మళ్లీ తడిసింది." పరిగెత్తాను. రంగు లేదు, జిగురు లేదు, వాసన లేదు. చుక్క గేర్‌బాక్స్ కింద కాదు, డ్యాష్‌బోర్డు కిందికి పడింది. రాత్రి ఏసీ వేసుకుని వచ్చావా బాబాయ్ అని అడిగాను.